పని ఆపమనే హక్కు

ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులపాటు మన ఊళ్లలో ఫైరింజన్లు బడుల ముందుకు, బజారు కూడళ్లలోకి వస్తాయి. సిబ్బంది నిచ్చెనలెక్కి విన్యాసాలు చూపిస్తారు, గ్యాస్ సిలిండర్‌కు మంటంటుకుంటే ఏం చేయాలో పిల్లలకు నేర్పుతారు. అగ్నిమాపక వారోత్సవాలు ఆ తేదీనే మొదలుకావడానికి కారణం ఒక మందుగుండు ఓడ. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. దాని మంటలార్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ఆ పేలుడులో ప్రాణాలు విడిచారు. దేశమంతటా జరిగే వారోత్సవాలు వారి స్మృతికి నివాళి. ఆ తర్వాత మూడు నెలలకే, 1944 జూలై 17 రాత్రి, అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో పోర్ట్ షికాగో అనే నావికాదళ రేవులో మరో మందుగుండు ఓడ పేలి 320 మంది చనిపోయారు. ఒకటి మిత్రరాజ్యాల యుద్ధ సామగ్రి దిగుతున్న రేవు, రెండోది ఆ సామగ్రి ఓడకెక్కుతున్న రేవు. రెండు చోట్లా శత్రువు జాడ లేదు. విమానం నుంచి బాంబు పడలేదు, జలాంతర్గామి టార్పెడో వదలలేదు. రోజూ చేసే పనిలో, పనిచేసే చోటే అంతమంది పోయారు.

ఈ రెండు ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం తేటపడుతుంది. సైన్యంలో పనిచేసే చోట జరిగే ఘోరాలకు మూలం తెలియనితనం అనుకుంటే పొరపాటే. ప్రమాదం ఉందని తెలిసినవాళ్లు రెండు చోట్లా ఉన్నారు. నియమాలూ ఉన్నాయి. లేనిదల్లా ఆ తెలివికి తోడుగా నిలిచే అధికారం. ప్రమాదాన్ని కళ్లారా చూస్తున్నవాడికి పని ఆపించే హక్కు లేదు. పని ఆపించగలిగినవాడికి ప్రమాదం గురించి తెలుసుకుని తీరాలన్న బాధ్యత లేదు. ఈ రెంటినీ ఒకచోటికి తెచ్చిన సైన్యాలు తమవాళ్లను కాపాడుకున్నాయి, పోరాట శక్తినీ పెంచుకున్నాయి. తేలేకపోయిన సైన్యాలు విచారణ సంఘాలు వేసుకుంటూ పోయాయి. గత రెండు వందల ఏళ్ల మందుగుండు చరిత్ర చెప్పేది ఇదేనని నా నమ్మకం.

ముందుగా తెలివి సంగతి చూద్దాం. మందుగుండుతో జాగ్రత్తగా ఉండాలన్నది ఇరవయ్యో శతాబ్దం కనిపెట్టిన విషయం ఏమీ కాదు. తెరచాపల కాలంలో ఇంగ్లండ్ యుద్ధనౌకల్లోని మందుగుండు గదిని గమనిస్తే ఆ జాగ్రత్త ఎంత లోతైనదో అర్థమవుతుంది. 1765లో నీళ్లలోకి దిగిన విక్టరీ నౌకలో తుపాకి మందు నిలవ చేసే గది నీటిమట్టానికి దిగువన ఉండేది. గోడలకు రాగి రేకులు తాపడం చేశారు. మందు పీపాలకు ఇనుప పట్టీలకు బదులు రాగి పట్టీలు వేసేవారు, ఎందుకంటే రాగి రాసుకుంటే నిప్పురవ్వ రాదు. లోపలికి వెళ్లేవారు చెప్పులు విడిచి మెత్తటి ఉన్ని జోళ్లు తొడుక్కోవాలి. గదిలోకి దీపం తీసుకెళ్లడం నిషిద్ధం. పక్కనే వేరే గదిలో లాంతరు పెట్టి, మధ్యన గాజు పలక బిగించి, ఆ వెలుతురులోనే మందు కొలిచేవారు. నేలమీది కర్మాగారాలదీ ఇదే పద్ధతి. ఒక కట్టడం పేలితే పక్కది అంటుకోకుండా దూరం పాటించాలని, ఒక్కోచోట ఇంతకు మించి నిలవ ఉండరాదని బ్రిటన్‌లో 1875 నాటి పేలుడు పదార్థాల చట్టం నిర్దేశించింది. మన దేశానికి 1884లో అలాంటి చట్టమే వచ్చింది. అంటే 1944 నాటికి ఏది పక్కన ఏది పెట్టకూడదో, ఎవరిని ఎంత దూరంలో ఉంచాలో అక్షరాల్లో రాసి ఉంది. ఆ రాత ఓడరేవులో ఎవరి చేతికి వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

ఫోర్ట్ స్టికీన్ 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్ నుంచి బయల్దేరింది. అందులో యుద్ధ విమానాలు, సుమారు 1,395 టన్నుల పేలుడు పదార్థాలు, బంగారు కడ్డీలు ఉన్నాయి. కరాచీలో విమానాలు దించేశాక ఓడలో జాగా మిగిలింది. యుద్ధకాలంలో ఓడల్లో జాగాకు ఎంతో గిరాకీ. ఖాళీగా పంపడం దుబారా అనిపించింది. ఆ ఖాళీలోకి పత్తి బేళ్లు, నూనె పీపాలు, కలప, తుక్కు ఇనుము ఎక్కించారు. పత్తి లోలోపల రాజుకుంటే బయటికి తెలియదు, తెలిశాక ఆర్పడం కష్టం. అలాంటి పత్తిని మందుగుండు ఉన్న అరలోనే దాని అడుగున పేర్చారు. ఏప్రిల్ 12న ఓడ బొంబాయి చేరింది. 14వ తేదీ మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో రెండో నంబరు అరలో నిప్పు రాజుకుందని సిబ్బంది గుర్తించారు. ఫైరింజన్లు వచ్చి తొమ్మిది వందల టన్నులకు పైగా నీళ్లు కొట్టాయి. దట్టమైన పొగలో మంట మూలం ఎక్కడుందో దొరకలేదు. అరలోని నీళ్లు సలసల కాగడం మొదలైంది. నాలుగు కావడానికి పది నిమిషాల ముందు ఓడ విడిచి వెళ్లమని ఆజ్ఞ వెలువడింది. పదహారు నిమిషాల తర్వాత మొదటి పేలుడు, అరగంటకు రెండోది. ఆ అదురును సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిమ్లాలోని భూకంప లేఖిని నమోదు చేసింది. మృతుల అంచనాలు 800 నుంచి 1,300 దాకా ఉన్నాయి. దాదాపు 80,000 మంది గూడు కోల్పోయారు.

విచారణ సంఘం తప్పులు వరసగా ఎత్తిచూపింది. మందుగుండు కింద పత్తి పెట్టారు. ప్రమాదకరమైన సరుకుందని తెలిపే ఎర్ర జెండా ఓడమీద ఎగరలేదు. పేలుడు పదార్థాలను దించడంలో జాప్యం చేశారు. మంటను అణచడానికి ఓడలోనే ఉన్న ఆవిరి గొట్టాలను వాడలేదు. ఫైర్ బ్రిగేడ్‌కు కబురు ఆలస్యంగా వెళ్లింది. ఈ అయిదు తప్పులనూ నిదానంగా చూడండి. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి పరిధిలోది. పత్తి ఎక్కించిన నిర్ణయం కరాచీది, జెండా ఓడ అధికారులది, దించడంలో జాప్యం రేవు నిర్వాహకులది, కబురు ఆలస్యం డాక్‌లో ఉన్నవారిది. పొగ మొదలయ్యాక గంటన్నరకు పైగా సమయం దొరికింది. ఓడను బయటికి లాక్కెళ్లాలా, ఉన్నచోటే ముంచాలా, నీళ్లు కొడుతూ ఉండాలా అని ఓడ కెప్టెన్, సైనిక ఆయుధ విభాగం అధికారి, రేవు అధికారి, అగ్నిమాపక అధికారి తలోమాటా చెప్పారు. నలుగురిలో ఎవరి మాట నెగ్గాలో ముందుగా ఎవరూ రాసిపెట్టలేదు. అందువల్ల ఏ మాటా నెగ్గలేదు. నీళ్లు కొడుతూనే ఉన్నారు. బాధ్యత ముక్కలై పదిమంది చేతుల్లో ఉంటే అది ఎవరి చేతిలోనూ లేనట్టే. పొగకు దగ్గరగా నిలబడిన 66 మంది ఆ లోటుకు బలయ్యారు.

బొంబాయిలో బాధ్యత చెదిరిపోయింది. పోర్ట్ షికాగోలో అది కిందివాళ్ల నెత్తిన పడింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఈశాన్యంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సుయిసున్ అఖాతం ఒడ్డున అమెరికా నావికాదళం ఈ మందుగుండు రేవును కట్టింది. పసిఫిక్ యుద్ధరంగానికి బాంబులు, షెల్స్, డెప్త్ చార్జీలు ఇక్కణ్నుంచే వెళ్లేవి. సరుకు మోసే నావికులంతా నల్లజాతివారు. వారిమీద అధికారులంతా తెల్లవారు. రైలు పెట్టెల్లో బిగించి వచ్చిన బాంబులను చేతులతో విడదీసి, వాలు చెక్కలమీద దొర్లించి, వలల్లో పేర్చి, క్రేన్లతో ఓడ అడుగుకు దించేవారు. లోహం లోహాన్ని కొట్టుకునే చప్పుడు ఆ పనిలో రోజూ వినిపించేదే. ఫ్యూజులు అమర్చలేదు కాబట్టి ఇవి పేలవని అధికారులు వారికి నచ్చజెప్పారు. మందుగుండు ఎలా పట్టుకోవాలో నేర్పే శిక్షణ మాత్రం వారికి ఇవ్వలేదు. భద్రతా నియమాలను వాళ్లు నిద్రపోయే బారకుల్లో అంటించలేదు, చదివినా వారికి అర్థం కాదని పై అధికారి భావించాడు. మరోపక్క గంటకు, ఓడ అరలోకి సరుకు దించే ఒక్కో హ్యాచ్‌కు పది టన్నులు అన్న లక్ష్యం పెట్టారు. ఏ జట్టు ఎన్ని టన్నులు ఎక్కించిందో నల్లబల్లమీద రాసేవారు. జట్ల అధికారులు ఆ అంకెలమీద పందేలు కాసేవారు.

ఒక పనిచోట ఏ అంకెను నల్లబల్లమీదకు ఎక్కిస్తారో, ఏ అంకెను ఎక్కించరో చూస్తే అక్కడ దేనికి విలువ ఉందో తెలిసిపోతుంది. పోర్ట్ షికాగోలో టన్నులకు లెక్క ఉంది. జారిపడిన బాంబుకు, వలలోంచి తప్పిపోయిన షెల్‌కు లెక్క లేదు. జూలై 17 రాత్రి రేవులో ఇ.ఎ. బ్రయన్ అనే ఓడలో 4,600 టన్నుల మందుగుండు ఉంది. పక్కనే రైలు పెట్టెల్లో మరో 430 టన్నులు ఎక్కడానికి సిద్ధంగా ఉంది. రేవుకు రెండోవైపు క్వినాల్ట్ విక్టరీ అనే మరో ఓడ కట్టి ఉంది. ఇంత సరుకు, ఇన్ని ప్రాణాలు ఒకచోట పోగుపడకూడదన్నది డెబ్బయి ఏళ్లనాటి బ్రిటిష్ చట్టం చెప్పిన మాటే. రాత్రి 10 గంటల 18 నిమిషాలకు బ్రయన్ పేలింది. రేవులో ఉన్న 320 మందీ ఆ క్షణమే చనిపోయారు. వారిలో 202 మంది నల్లజాతి నావికులు. మరో 390 మంది గాయపడ్డారు. గుర్తుపట్టగలిగిన మృతదేహాలు 51 మాత్రమే. విచారణ న్యాయస్థానం 39 రోజులు సాక్ష్యాలు విని, పేలుడుకు ఖచ్చితమైన కారణం తేల్చలేకపోయింది. తేల్చలేకపోతూనే సరుకును మొరటుగా దించిన నావికులవైపు వేలు చూపింది. లక్ష్యాలు పెట్టినవారిని, శిక్షణ ఇవ్వనివారిని తప్పుపట్టలేదు.

జరిగిపోయాక తప్పులు వెతకడం తేలికే అని ఎవరైనా అనవచ్చు. గతాన్ని చదివేవాడికి ముగింపు తెలుసు, ఆనాడు అక్కడున్నవాడికి తెలియదు. న్యాయమైన అభ్యంతరమే. కానీ పోర్ట్ షికాగో విషయంలో అది నిలవదు, ఎందుకంటే హెచ్చరికలు పేలుడుకు ముందే వచ్చాయి. మందుగుండు ఎక్కింపును పర్యవేక్షించాల్సిన కోస్ట్‌గార్డ్ విభాగం అక్కడి పద్ధతి చూసి, ఇది ప్రమాదానికి దారితీస్తుందని నావికాదళానికి చెప్పింది. నావికాదళం పద్ధతి మార్చుకోకపోవడంతో ఆ అధికారి తన మనుషులను అక్కణ్నుంచి వెనక్కి పిలిపించుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కార్మికుల సంఘం అనుభవజ్ఞులను పంపి నావికులకు నేర్పిస్తామని ముందుకొచ్చింది. దాన్నీ కాదన్నారు. తెలిసినవాళ్లు చెప్పారు, వినాల్సిన బాధ్యత ఎవరిమీదా లేకపోయింది. కోస్ట్‌గార్డ్ అధికారి తన మనుషులను తప్పించగలిగాడు కానీ పనిని ఆపించలేకపోయాడు. హెచ్చరించే హక్కుకూ ఆపించే హక్కుకూ మధ్య ఉన్న తేడా ఆ 320 ప్రాణాల తేడా.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. అది యుద్ధం, అక్కడ మందుగుండు ఒకరోజు ఆలస్యమైతే సైనికులు చస్తారు, కర్మాగారంలో పాటించే నియమాలు యుద్ధంలో కుదరవు అనేది. ఈ మాటలో నిజం లేకపోలేదు. సైన్యం ప్రాణాలకు తెగించే వృత్తి. అయితే శత్రువు ముందు తెగించడం వేరు, నిర్లక్ష్యానికి ప్రాణం అప్పగించడం వేరు. ఆ రెంటినీ కలిపేస్తే యుద్ధంలోనే ఓడిపోతామని చెప్పడానికి 1916 మే 31న ఉత్తర సముద్రంలో జరిగిన జట్లండ్ యుద్ధం చాలు. ఆ రోజు బ్రిటన్‌కు చెందిన మూడు భారీ యుద్ధనౌకలు, ఇన్‌డిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్‌విన్సిబుల్, మందుగుండు పేలి ముక్కలయ్యాయి. మూడింటిలో కలిపి మూడు వేలమందికి పైగా పోయారు. జర్మన్ గుళ్లు తగిలినమాట నిజమే. కానీ గుండు తగిలిన ప్రతి నౌకా పేలిపోనక్కర్లేదు. శత్రువుకంటే వేగంగా ఫిరంగులు కాల్చాలన్న ఆత్రంతో ఆ దళంలో కార్డైట్ అనే ఫిరంగి మందు సంచులను ఫిరంగి గోపురాల్లో, వాటి కింది గదుల్లో గుట్టలుగా పోసుకున్నారు. మందుగుండు గది తలుపులు తెరిచే ఉంచారు. గోపురంమీద పడిన నిప్పు ఆ తలుపుల గుండా నేరుగా ఓడ గుండెలోకి పోయింది. వేగంకోసం విడిచిపెట్టిన నియమమే ఓడల్ని ముంచింది.

అదే దళంలో లయన్ అనే నౌకకూ గోపురంమీద గుండు తగిలింది, లోపల మంటలు రేగాయి, దాదాపు వందమంది చనిపోయారు. అయినా నౌక మునగలేదు. ప్రాణాపాయంగా గాయపడిన ఫ్రాన్సిస్ హార్వే అనే మేజర్ చివరి శ్వాసలో మందుగుండు గదిని నీళ్లతో నింపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆయనకు మరణానంతరం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ సాహసం అందరికీ తెలిసిందే, తెలియాల్సిందే. అంతగా తెలియని పేరు అలెగ్జాండర్ గ్రాంట్. ఆయన లయన్‌లో మందుగుండుకు బాధ్యుడైన వారంట్ అధికారి, పెద్ద హోదా ఏమీ కాదు. 1915లో నౌకలోకి వచ్చినప్పుడు కార్డైట్ పడి ఉన్న తీరు చూసి, పాత నియమాలను మళ్లీ అమల్లోకి తేవాలని పట్టుబట్టాడు. ఫిరంగికి ఎంత కావాలో అంతే బయటికి రావాలి, మిగతాది డబ్బాల్లో మూతలతో ఉండాలి, తలుపులు ఊరికే తెరిచి ఉంచకూడదు. ఇలా చేస్తే కాల్పుల వేగం తగ్గుతుందేమోనన్న సందేహం రావడం సహజం. వేగం తగ్గదని గ్రాంట్ సిబ్బందితో చేయించి చూపించాడు. కెప్టెన్ చాట్‌ఫీల్డ్ ఆ మాట విని అండగా నిలిచాడు. హార్వే ఆజ్ఞ ఫలించడానికి నీళ్లు నింపే వ్యవధి కావాలి. ఆ వ్యవధిని సంపాదించి పెట్టింది గ్రాంట్ మూయించిన తలుపులే. ఒక కింది అధికారికి తెలివి, దానికి తోడు పైవాడి అధికారం కలిసినప్పుడు వెయ్యిమందికి పైగా ఉన్న నౌక యుద్ధం మధ్యలో బతికి బయటపడింది. జాగ్రత్త యుద్ధానికి అడ్డు అనేవారికి ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

మూడో అభ్యంతరం క్రమశిక్షణ గురించినది. ప్రమాదం అనిపించిన ప్రతివాడూ పని ఆపేస్తే సైన్యం సైన్యంలా ఉంటుందా? పోర్ట్ షికాగో తర్వాతి కథలో ఈ ప్రశ్న కోర్టుకే ఎక్కింది. పేలుడు జరిగిన మూడు వారాలకు, ఆగస్టు 9న, ప్రాణాలతో మిగిలిన నావికులను మేర్ ఐలండ్‌లో మళ్లీ మందుగుండు ఎక్కించడానికి పంపారు. పద్ధతి మారలేదు, శిక్షణ లేదు. తెల్ల అధికారులకు దొరికిన నెలరోజుల సెలవు వీరికి దొరకలేదు. 258 మంది ఆ పనికి రామన్నారు. మరే పని చెప్పినా చేస్తామన్నారు. కాల్చి చంపే శిక్ష పడుతుందని ఒక అడ్మిరల్ హెచ్చరించాక 208 మంది ఒప్పుకున్నారు, అయినా వారికీ శిక్షలు తప్పలేదు. మిగిలిన 50 మందిమీద తిరుగుబాటు నేరం మోపారు. అక్టోబరు 24న అందరూ దోషులే అని తీర్పు వచ్చింది. మొదట పదిహేనేళ్ల శిక్ష, తర్వాత చాలామందికి కొంత తగ్గించారు. ఆ విచారణను దగ్గరుండి చూసిన న్యాయవాది థర్‌గుడ్ మార్షల్, తర్వాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన వ్యక్తి, ఇది తిరుగుబాటు ఎలా అవుతుందని అడిగాడు. శిక్షణ లేకుండా ఈ పని ఎందుకు చేయించారు, నల్లవారితోనే ఎందుకు చేయించారు అని నిలదీశాడు.

యుద్ధం ముగిశాక 1946 జనవరిలో ఆ యాభై మందిలో దాదాపు అందరినీ జైలునుంచి వదిలారు. నేరం మాత్రం వారి పేర్లమీదే మిగిలింది. పేలుడు జరిగి సరిగ్గా 80 ఏళ్లు నిండిన 2024 జూలై 17న అమెరికా నావికాదళ మంత్రి కార్లోస్ డెల్ టోరో ఆ 50 మందినీ, వారితోపాటు శిక్ష పడిన మరో 206 మందినీ నిర్దోషులుగా ప్రకటించాడు. అప్పటికి వారిలో ఎవరూ బతికి లేరు. ఇక్కడ క్రమశిక్షణ ప్రశ్నకు నిజమైన జవాబు ఉంది. ఆ నావికులు బాహాటంగా నిరాకరించాల్సి రావడానికి కారణం, భయాన్ని చెప్పుకోవడానికి వ్యవస్థలో మరే తలుపూ లేకపోవడం. పని ఆపమనే మాటకు నియమబద్ధమైన దారి ఉన్నచోట అది విధి నిర్వహణ అవుతుంది. దారి లేనిచోట అదే మాట తిరుగుబాటు అయి కూర్చుంటుంది. అంతటి శిక్షలు వేసిన నావికాదళమే ఆ తర్వాత మందుగుండు మోసేవారికి శిక్షణ తప్పనిసరి చేసింది, తెల్ల నావికులనూ ఆ పనికి పెట్టింది. నావికులు అడిగినదాన్ని చేసి, అడిగినందుకు శిక్షించిందన్నమాట.

ఆపే హక్కు క్రమశిక్షణను చెడగొట్టదని అదే నావికాదళం మరో ఇరవై ఏళ్లకు తానే రుజువు చేసింది. 1963 ఏప్రిల్ 10న థ్రెషర్ అనే అణుశక్తి జలాంతర్గామి అట్లాంటిక్‌లో లోతు పరీక్ష చేస్తుండగా 129 మందితో మునిగిపోయింది. అందులో 17 మంది సైనికేతర ఉద్యోగులు. పైపుల అతుకు ఒకటి విడిపోయి సముద్రపు నీరు లోపలికి వచ్చి ఉంటుందని విచారణ భావించింది. మరమ్మతుల సమయంలో వెండితో అతికిన 145 జాయింట్లను శబ్ద తరంగాలతో పరీక్షిస్తే దాదాపు 14 శాతం నాసిరకంగా తేలాయి. అలాంటి జాయింట్లు ఓడ మొత్తంలో వేలల్లో ఉన్నాయి. గడువు ముంచుకొస్తుండటంతో పరీక్ష అంతటితో ఆపేశారు. మళ్లీ అదే కథ. ఒకరికి తెలుసు, ఇంకొకరి చేతిలో గడువు ఉంది, గడువే గెలిచింది.

అయితే ఈసారి ముగింపు వేరు. ఆ ఏడాదిలోనే నావికాదళం సబ్‌సేఫ్ అనే పద్ధతి తెచ్చింది. జలాంతర్గామిలో నీరు చొరబడకుండా కాపాడే ప్రతి భాగానికీ అది ఏ లోహంతో చేసింది, ఎవరు అతికారు, ఎవరు పరీక్షించారు అన్న రాతపూర్వక సాక్ష్యం ఉండాలి. సాక్ష్యం లేకపోతే అనుభవజ్ఞుడి హామీ కూడా చెల్లదు. అన్నిటికంటే ముఖ్యం అధికారాల విభజన. గడువుకు, ఖర్చుకు బాధ్యుడు ఒకరు. సాంకేతిక ప్రమాణాలకు బాధ్యుడు ఇంకొకరు. భద్రతను తనిఖీ చేసేవారు వేరొకరు. మొదటివాడు ఎంత తొందరపెట్టినా మిగతా ఇద్దరూ ఒప్పుకోకపోతే జలాంతర్గామి నీటి అడుగుకు వెళ్లదు. 1915 నుంచి 1963 వరకు యుద్ధంతో సంబంధం లేని కారణాలతో ఆ నావికాదళం 16 జలాంతర్గాములను కోల్పోయింది. సబ్‌సేఫ్ తర్వాత పోయింది ఒక్కటే, 1968లో స్కార్పియన్, 99 మందితో. దానికి సబ్‌సేఫ్ ధ్రువీకరణ లేదు. ధ్రువీకరణ పొందిన జలాంతర్గామి ఇంతవరకు ఒక్కటీ మునగలేదు. ఆ దళం క్రమశిక్షణ సడలలేదు, యుద్ధ సన్నద్ధత తగ్గలేదు.

సైన్యం విషయంలో ఈ లోపలి ఏర్పాటు మరింత ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది. బయటి చట్టం సైనికుడి దాకా సరిగా చేరదు. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సాయుధ దళాలకు చెందిన సంచార విభాగాలను తన పరిధినుంచి మినహాయించింది. అమెరికాలో 1950లో సుప్రీంకోర్టు, విధి నిర్వహణలో భాగంగా గాయపడిన సైనికుడు ప్రభుత్వంమీద నష్టపరిహారం దావా వేయలేడని తీర్పు చెప్పింది. ఫ్యాక్టరీ కార్మికుడికి యూనియన్ ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, మానేసి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంటుంది. సైనికుడికి ఈ మూడూ ఉండవు. దేశరక్షణకు అవసరమని అతను ఆ హక్కులను వదులుకుంటాడు. ఎన్ని హక్కులు వదులుకున్నాడో అంత బాధ్యత అతన్ని ఆజ్ఞాపించేవాడిమీద పడాలి. ఆ ఒప్పందంలో ఒక పక్షమే మాట నిలబెట్టుకుంటే అది ఒప్పందం అనిపించుకోదు.

మన దేశం ఈ పాఠాన్ని దగ్గరగానే చూసింది. 2013 ఆగస్టు 14 తెల్లవారుజామున ముంబయి నావికాదళ డాక్‌యార్డులో ఐఎన్‌ఎస్ సింధురక్షక్ జలాంతర్గామి పేలి 18 మంది నావికులు చనిపోయారు. 2014 ఫిబ్రవరి 26న ఐఎన్‌ఎస్ సింధురత్నలో చెలరేగిన మంటలకు ఇద్దరు అధికారులు బలయ్యారు. అదే రోజు నావికాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహించి పదవికి రాజీనామా చేశారు. ఆ ఏడాది నవంబరులో విశాఖ తీరానికి దూరంగా టార్పెడోలను వెలికితీసే చిన్న నౌక ఒకటి మునిగి ఒకరు చనిపోయారు, నలుగురు గల్లంతయ్యారు. 2017లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక, 2007-08 నుంచి 2015-16 వరకు నావికాదళంలో 38 ప్రమాదాలు జరిగాయని, రెండు నౌకలు, ఒక జలాంతర్గామి, 33 ప్రాణాలు పోయాయని లెక్కగట్టింది. భద్రతకంటూ ప్రత్యేకమైన వ్యవస్థ మన నావికాదళానికి 2014 దాకా లేదని కూడా చెప్పింది. తూర్పు నావికాదళ కేంద్రం, జలాంతర్గామి సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఐఎన్‌ఎస్ శాతవాహన విశాఖలో ఉన్నాయి. ఈ లెక్కలు తెలుగు ఇళ్లకు దూరపు వార్తలు కావు.

అడ్మిరల్ జోషి రాజీనామా మన ప్రజాజీవితంలో అరుదైన గౌరవప్రదమైన చర్య, అందులో సందేహం లేదు. అయినా ప్రమాదం తర్వాత ఒకరు పదవి వదులుకోవడం ఎంత ఉన్నతమైనా, ప్రమాదానికి ముందు పని ఆపించగల ఒక చిన్న అధికారికి అది సాటి రాదు. లయన్ నౌకను కాపాడింది రాజీనామా కాదు, ముందే మూసిన తలుపు. అందుకే సైనిక ప్రమాదం వార్త వచ్చినప్పుడల్లా మనం అడగాల్సిన ప్రశ్న మారాలి. తప్పు ఎవరిది అని అడిగితే కింది నావికుడి పేరో, పై అధికారి రాజీనామానో జవాబుగా దొరుకుతుంది, ఫైలు మూతపడుతుంది. ఇది ప్రమాదమని ముందే చెప్పినవారెవరు, చెప్పినప్పుడు విన్నవారెవరు, పని ఆపమనే హక్కు రాతపూర్వకంగా ఎవరి చేతిలో ఉంది అని అడగాలి. పార్లమెంటు సభ్యులు అడగాలి, పత్రికలు అడగాలి, బిడ్డలను సైన్యానికి పంపిన తల్లిదండ్రులు అడగాలి. దేశంకోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడినవాడి ప్రాణాన్ని అజాగ్రత్తకు ఖర్చుచేసే హక్కు ఏ సైన్యానికీ లేదు.